చామాకు తినని అత్తమ్మతో ఉపోలు దీవికి

ఉప్పల్ చౌరస్తా దగ్గర మెట్రో రైలు కోసం రోడ్డంతా తవ్విపోసిన ఎండాకాలం అది. నాచారం నుంచి ఉప్పల్ పోయి రావడమే ఒక యాత్రగా ఉన్న ఆ రోజుల్లో నేనూ మా అత్తమ్మా పసిఫిక్ సముద్రం నడిమధ్యనున్న సమోవా దేశం పోయి వచ్చాం. ఈ మాట చెబితే మా బడిలో తోటి పంతులమ్మలు మొదట నమ్మలేదు. తర్వాత ఫొటోలు అడిగారు, ఆ తర్వాత ఖర్చెంతయిందని అడిగారు. ఫొటోలు చూపించాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

సమోవాలో రెండు పెద్ద దీవులున్నాయి. జనం ఎక్కువగా ఉండేది ఉపోలులో. మా ఆయన రాజేందర్ నాచారం పారిశ్రామికవాడలో ట్రాన్స్‌ఫార్మర్ల పని చేస్తాడు. ఒక కాంట్రాక్టు మీద అతన్ని ఆ దీవికి పంపారు. వెళ్లిన కొన్నాళ్లకు దక్షిణ తీరాన ఒక ఊళ్లో పని చేస్తుండగా విషజ్వరం పట్టుకుంది. ఆ ఊళ్లో మెలె అనే ఆవిడ తన ఇంట్లోనే పడుకోబెట్టుకుని, లేచి తిరిగేదాకా చూసుకుంది. ఈ సంగతి మాకు జ్వరం తగ్గాకే తెలిసింది. అత్తమ్మ ఫోనులోనే ఏడ్చింది, కొడుకును తిట్టింది, ఆఖరుకు ఒక మాట అంది.

"నా కొడుక్కు బువ్వ పెట్టిన చెయ్యి అది. ఆ ఇంటికి పోవాలె. ఆమెకు బొట్టు పెట్టి, చీర పెట్టి, ఆమె చేతి బువ్వ తినొస్తె గని నా పానం నిమ్మలం గాదు."

రాజేందర్ నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. నెల తిరక్కుండా రమ్మని కబురు పెట్టాడు. సగం ఖర్చు అతని జీతం, సగం నేను ఎత్తిన చీటీ.

మామిడిపండ్ల గండం

పాస్‌పోర్టులు సులువుగానే వచ్చాయి. అడ్డం పడ్డవి మామిడిపండ్లు. బడి పంతులమ్మను కాబట్టి నాకు ఎండాకాలం సెలవులు తప్ప వేరే సెలవులు లేవు. బేనిషాన్ పండ్లకూ ఎండాకాలం తప్ప వేరే కాలం లేదు. మా ఇంట్లో పండు కోస్తే ముక్కలు అందరివీ, టెంక మాత్రం అత్తమ్మది. పెళ్లైన ఇన్నేళ్లలో మా మామయ్య ఒక్క టెంక రుచి చూసి ఎరగడు. వాకిట్లో పీట వేసుకుని, మోచేతుల దాకా రసం కారుతుండగా, టెంక తెల్లగా పీచు తేలేదాకా చీకి గాని ఆమె లేవదు. ఆ సమయంలో ఇంటికి ఎవరొచ్చినా కళ్లతోనే కూర్చోమంటుంది.

"మనం వచ్చేటాల్లకు పండ్లు ఒడుస్తయేమో బిడ్డా" అని నాతో పదిసార్లు అని ఉంటుంది.

"మే ఆఖర్ల వస్తం అత్తమ్మా. అప్పటికి ఇంకా అగ్గువైతయి" అని నేను పదిసార్లూ చెప్పాను. బయల్దేరే రోజు ఆటో వచ్చి హారన్ కొడుతుంటే మూడు పండ్లు వరసగా తిని, కొత్త చీర కొంగు పసుపుపచ్చగా చేసుకుని ఎక్కింది. మామయ్య రానన్నాడు. ఆయనకు రెండు కోళ్లున్నాయి, వాటిని నమ్మి ఎవరికీ అప్పజెప్పడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే ముందుకు కథ నడవదు. మూడేళ్ల కింద రాజేందర్‌కు కామెర్లు ముదిరి దవాఖానాలో ఉన్నప్పుడు, వాడు బతికి బయటపడితే కాశీకి వస్తానని అత్తమ్మ మొక్కుకుంది. బయటపడ్డాడు, ఈమె వెళ్లింది. కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైన కాయనో, పండునో, ఆకునో ఒకదాన్ని గంగలో వదిలి రావాలి. మళ్లీ జన్మలో ముట్టకూడదు. ఆమెతో పోయిన కాలనీ ఆడవాళ్లందరూ ఆ ముందు రాత్రి రైల్లో తెగ ఆలోచించుకున్నారట. ఒకామె కాకరకాయ వదిలేసింది. మా అత్తమ్మ చామగడ్డను ఆకుతో సహా వదిలేసింది. చామ తింటే ఆమెకు గొంతు గీరుకుంటుంది. ఇరవై ఏళ్లుగా దాని ముఖం చూడలేదు.

"మామిడిపండు ఇడువుమంటడేమోనని గుండె దడదడ కొట్టుకున్నది. ఆ పంతులు నోరు తెరవకముందే చామగడ్డ అని చెప్పేసిన" అని వచ్చిన రోజున వాడంతా చెప్పి నవ్వింది. మేమూ నవ్వాం. కానీ వదిలాక మాత్రం నవ్వులాట లేదు. పెళ్లి భోజనాల్లో చామగడ్డ పులుసు వడ్డించిన గరిట పప్పులో పడితే ఆ పప్పు కూడా ముట్టలేదు. అది కొడుకు పేరు మీద వదిలింది.

అపియా: లుంగీ కట్టిన పోలీసులు

దారిలో దిగిన ఒక విమానాశ్రయంలో మా సంచులు విప్పించారు. సకినాలు దాటాయి. మామిడికాయ తొక్కు సీసా దాటలేదు. అది నిషేధమని చెప్పి ఆ అధికారి పక్కన పెట్టేశాడు. "వాడు తింటె మంచిదే. పారేసిండంటె మాత్రం పాపం తగుల్తది" అని అత్తమ్మ అంది. నేను ఇంగ్లీషులో ఆయనకు ధన్యవాదాలు మాత్రమే చెప్పాను.

సమోవా రాజధాని అపియా. హబ్సిగూడ చౌరస్తాను తీసుకెళ్లి సముద్రం ఒడ్డున పెట్టి, జనంలో మూడొంతులను ఇంటికి పంపేస్తే అపియా అవుతుంది. నాచారంలో తారు కరిగే ఎండలోంచి వెళ్లిన మాకు అక్కడి గాలి శ్రావణమాసంలా అనిపించింది. పోలీసులు లుంగీల మీద బెల్టులు పెట్టుకుని, బాజాలు వాయించుకుంటూ వీధిలో నడుస్తున్నారు. లుంగీని వాళ్లు లావలావా అంటారు. ఆడా మగా అందరూ కడతారు, ఆఫీసుకూ కడతారు. "మనోళ్లకు గూడ గిట్ల లుంగీలిస్తె, జర నవ్వుకుంట మాట్లాడుతరు" అని అత్తమ్మ తీర్మానించింది. రాజేందర్ కూడా లుంగీలోనే వచ్చి మమ్మల్ని కలిశాడు. చెవి వెనక ఎర్ర మందారం. ఎనిమిది నెలల తర్వాత కనిపించిన మొగుణ్ణి చూసి ఏడవాలనుకున్నదాన్ని, పగలబడి నవ్వాను. అత్తమ్మ మాత్రం అతని ముఖం రెండు చేతుల్లో పట్టుకుని కళ్లల్లో పసుపు ఉందేమోనని చూసింది.

బజారులో పానికేకే అని గుండ్రటి ముద్దలు నూనెలో వేయించి అమ్ముతున్నారు. అత్తమ్మ నాలుగు తింది. "మన మైసూర్ బజ్జి లెక్కనే ఉన్నది. కని తియ్యగుంది, చట్నీ లేదు." కోకో గింజలు దంచి కాచిన చిక్కటి పానీయం ఒకటి పెద్ద కప్పునిండా పోసిచ్చారు. అడుగున మడ్డి మిగులుతుంది, దాన్ని నమలాలి. లేత కొబ్బరిబోండాం అక్కడి డబ్బుల్లో రెండు తాలాలు. ఒక తాలా అప్పట్లో మన ఇరవై రూపాయల పైచిలుకు. మన ఉప్పల్లో బోండాం పదిహేనే కదా అని నేను గొణిగితే, ఆ అమ్మే ఆవిడ ఏమర్థమైందో, నవ్వి ఇంకొకటి ఊరికే కొట్టిచ్చింది.

అప్పుడు కనిపించాయి, బజారు చివర నేల మీద గుట్టలుగా. ఒక్కోటి మనిషి తలకాయంత దుంప. కాడలకు ముడేసి దండలుగా పేర్చారు.

"గివేంది బిడ్డా, గింతలేసి?" అంది అత్తమ్మ.

"తలో అంటరమ్మా" అన్నాడు రాజేందర్ హుషారుగా. "మన చామగడ్డనే. ఈడ గిదే బువ్వ. పొద్దుమాపు గిదే."

అత్తమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. "ఆకులు గూడ తింటరా?"

"ఆకులల్ల కొబ్బరిపాలు పోసి, మూట గట్టి, కాల్చి పెడ్తరు. పలూసామి అంటరు. ఆదివారం మెలె వాళ్లింట్ల నీకోసం అదే..." అంటూ నా ముఖం చూసి ఆగిపోయాడు. "అరె" అన్నాడు.

ఎంత దేశం తిరిగినా వదిలిన కూరగాయ వెంటపడుతుందని కాశీ పంతులు చెప్పలేదు. అక్కడి పద్ధతి రాజేందర్ వివరించాడు. అతిథి తినడం అయ్యేదాకా ఇంటివాళ్లు ముద్ద ముట్టరు. ముఖ్యమైనది ముందుగా వడ్డిస్తారు. అది వద్దంటే ఇంటిని వద్దన్నట్టే.

"కాశీల ఇడిచింది ఈ దేశంల లెక్కకొస్తదా అమ్మా?" అని అడిగాడు.

"నీ పేరు మీద ఇడిచిన. ఈడికొచ్చినంక నీ పేరు మారిందా?" అంది అత్తమ్మ.

బువ్వ తినడానికి ఇంత దూరం వచ్చిన మనిషి ఆ బువ్వే ముట్టలేని స్థితిలో పడింది. అదివరకు నవ్విన నవ్వంతా ఆ బజారులో మాకు వడ్డీతో తిరిగొచ్చింది.

బస్సులో ఒడి

దక్షిణ తీరానికి బస్సులో బయల్దేరాం. బస్సంటే ఇనుపదీ కాదు, అద్దాలూ లేవు. లారీ మీద చెక్కతో కట్టి, రంగులు పూసి, లోపల పెళ్లి ఊరేగింపు స్థాయిలో పాటలు పెట్టింది. ఉప్పల్ బస్సుకు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు పట్టే జాతి మాది. పరుగెత్తి ఎక్కి నేనో సీటు పట్టాను. అత్తమ్మకు దొరకలేదు. ఆమె నిలబడి పైకడ్డీ వెతుక్కుంటుంటే, ఒక భారీ మనిషి, యాభై ఏళ్ల ఆవిడ, అత్తమ్మ నడుము పట్టి చిన్నపిల్లను ఎత్తినట్టు ఎత్తి తన ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

అత్తమ్మ రెండు చేతులతో ముందు సీటు పట్టుకుంది. బస్సులో ఎవరూ తిరిగి కూడా చూడలేదు. చూస్తే సగం బస్సు మిగతా సగం బస్సు ఒళ్లోనే ఉంది. సీట్లు నిండితే ముందు కూర్చున్నవాళ్లు ఒడి ఇస్తారు. ముసలివాళ్లు ఎక్కితే పడుచువాళ్లు వెనక్కి సర్దుకుంటూ పోతారు. ఎవరూ ఎవరితోనూ తగువుపడరు. రెండు మలుపులు తిరిగేసరికి అత్తమ్మ కుదురుకుంది. మూడో మలుపుకు సకినాల పొట్లం విప్పి తన కుర్చీకి ఒకటి తినిపించింది.

"మా అమ్మ పోయినంక నన్ను ఒళ్లె కూసోబెట్టుకున్నోళ్లు లేరు బిడ్డా" అని దిగాక నాతో అంది. నవ్వుతూనే అంది. ఉప్పల్ బస్సుల్లో ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందని నేను చాలాసేపు ఊహించుకుని, మానుకున్నాను.

కొండ దాటి, కాలినడకన

దీవికి నడుమ ఒక వెన్ను ఉంది. బస్సు ముక్కుతూ ఎక్కి కొండ మీదికి చేరితే చలిమంచు, అడవి, దూరంగా లోయలోకి దూకే జలపాతం. దాని పేరు పాపాపాపాయితాయి. అత్తమ్మ ఆ పేరును దిగువకు వచ్చేదాకా మంత్రంలా అంటూ వచ్చింది. ఆమెకు మాటలు చెబుతూ రాజేందర్ ఒక ఊరు ముందే తాడు లాగేశాడు. అక్కడ గంట ఉండదు, తాడు లాగాలి లేదా పైకప్పు మీద కొట్టాలి. బస్సు మమ్మల్ని దించేసి పాటలతో సహా వెళ్లిపోయింది. సంచులు మోసుకుంటూ నడక మొదలుపెట్టాం.

ఆ తప్పు చేసినందుకు రాజేందర్‌కు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఒకవైపు పచ్చని సముద్రం, ఇంకోవైపు ఇళ్లు. ఇళ్లకు గోడలు లేవు. గుండ్రటి అరుగు, చుట్టూ స్తంభాలు, పైన కప్పు. లోపల పడుకున్నవాళ్లు, అల్లుతున్నవాళ్లు, టీవీ చూస్తున్నవాళ్లు అందరూ రోడ్డుకు కనిపిస్తారు. ఇంటి ముందే తాతల సమాధులు, వాటి మీద ఆరేసిన బట్టలు. నాచారంలో మా ఎదురింటివాళ్ల వంటగది కిటికీకి, మా పడకగది కిటికీకి మధ్య మూడడుగులుంటాయి, ఇద్దరం పరదాలు వేసుకుని బతుకుతాం.

ప్రతి ఇంట్లోంచి చేతులూపి తినడానికి రమ్మని పిలుస్తున్నారు. మన దగ్గరా పిలుస్తాం. "రా, తిందాం" అంటాం, వచ్చినవాళ్లు "ఇప్పుడే తిన్న" అంటారు, ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. నేనూ అలాగే పొట్ట నిమిరి "ఇప్పుడే తిన్నాం" అని సైగ చేశాను. పొట్ట నిమిరితే ఆకలి అనుకున్నారు కాబోలు, కాల్చిన అరటికాయలు తెచ్చి చేతుల్లో పెట్టారు. కుక్కలు మాత్రం మా మీదికి వచ్చాయి. అత్తమ్మ వంగి రాయి తీస్తున్నట్టు నటించింది. అవి పరుగెత్తాయి. ఆ ఒక్క భాషా ప్రపంచమంతా ఒకటే.

పొద్దు వాలుతుండగా మెలె వాళ్ల ఊరు చేరాం. ఊరి మొదట్లోనే శంఖం ఊదిన చప్పుడు వినిపించింది. రోడ్డు మీదివాళ్లు ఉన్నచోట కూర్చుండిపోయారు. మేం తెలియక నడుస్తుంటే తెల్లమీసాల పెద్దాయన ఒకాయన కర్ర అడ్డం పెట్టి ఆపాడు. సాయంత్రం ప్రార్థన వేళ. అన్ని ఇళ్లలో ఒకేసారి పాట మొదలవుతుంది. అది అయ్యేదాకా ఊళ్లో ఎవరూ కదలకూడదు.

"దేవునికి టైమిస్తున్నరు. మంచిగనే ఉన్నది" అని అత్తమ్మ రోడ్డు పక్కన గడ్డిలో చతికిలబడి, కళ్లు మూసుకుని తన కీసర రామలింగేశ్వరుణ్ణి తలుచుకుంది. మళ్లీ శంఖం ఊదాక కళ్లు తెరిచి చూస్తే, ఆ పెద్దాయన ఆమె లేవడానికి చెయ్యి అందిస్తున్నాడు.

మెలె

మెలె మాకంటే ఎత్తు, అత్తమ్మకంటే కాస్త చిన్నది. జుట్టు నెరిసింది, ముందు పళ్ల నడుమ సందుంది, నవ్వితే ఇంకేం కనిపించదు. రాజేందర్‌ను చూసి ముందు నెత్తిన మొట్టింది. తర్వాత అత్తమ్మను కౌగిలించుకుంది. అత్తమ్మ తెలుగులో మాట్లాడింది, మెలె సమోవా భాషలో మాట్లాడింది, ఇద్దరూ మధ్యలో తలలూపుకున్నారు. నేను ఇంగ్లీషులో తర్జుమా చేయబోతే ఇద్దరికీ అది అడ్డంగా అనిపించింది. మెలె భర్త తావిటా పెద్దగా మాట్లాడడు, చాపలు పరిచి దిండ్లు తెచ్చాడు.

రాత్రి భోజనానికి తలో ఉడుకుతున్న వాసన వచ్చింది. అత్తమ్మకు ఒక ఆసరా దొరికింది. ఆ రోజు శనివారం.

"నాకు శనివారం ఒక్కపొద్దు, చెప్పు బిడ్డా. పండ్లు తప్ప ముట్ట."

ఉపవాసమని చెబితే మెలె ఎంతో గౌరవంగా బొప్పాయి, అరటిపండ్లు తెచ్చిపెట్టింది. గండం ఒక పూటకు గడిచింది. "రేపు ఆదివారం. ఆదివారానికి దేవుడెవరున్నడు?" అని అత్తమ్మ పడుకునే ముందు నన్ను అడిగింది. సూర్యుడన్నాను. సూర్యుడికి ఆమె ఎప్పుడూ ఉపవాసం ఉండలేదు. అబద్ధం ఆడనంది.

ఆదివారం పొయ్యి

పొద్దున్నే పొగ వాసనకు లేచాం. వెనక వంటపాకలో మగవాళ్లు వంట చేస్తున్నారు. అక్కడ ఆదివారం వంట మగవాళ్లది. కట్టెలు పేర్చి, వాటి మీద రాళ్లు ఎర్రగా కాల్చి, ఆ రాళ్ల మధ్య దుంపలు, చేపలు, పనసను పోలిన రొట్టెకాయలు పెట్టి అరటాకులు కప్పేస్తారు. ఒక మూల మా రాజేందర్ పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నాడు. నాచారంలో ఈయనకు పాలు పొంగితే స్టవ్ ఆపడం కూడా తెలియదు.

"ఎవలు నేర్పిన్రు నీకు?" అంది అత్తమ్మ.

"మెలె. కోరకపోతె తిననియ్యదమ్మా" అన్నాడు.

అత్తమ్మ నా వైపు చూసింది. ఇంటికి పోయాక కొబ్బరి ఎవరు కోరాలో ఆ చూపులోనే తేలిపోయింది.

అందరూ తెల్లబట్టల్లో చర్చికి వెళ్లారు, మేమూ వెళ్లాం. వాళ్ల పాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తిరిగి వచ్చాక చాప మీద మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టారు. ముందు అల్లిన తడకల మీద అరటాకులు, వాటి మీద భోజనం. తావిటా, ఆయన అక్కచెల్లెళ్లు స్తంభాల దగ్గర కూర్చున్నారు. మెలె అత్తమ్మ ఎదురుగా కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. మేం తిన్నాకే వాళ్లు తింటారు.

అత్తమ్మ ముందు మొట్టమొదట పెట్టింది ఆకు మూట. పైన మాడిన పొర విప్పితే లోపల ముదురాకుపచ్చ, దాని నడుమ తెల్లగా పేరుకున్న కొబ్బరిపాలు. అత్తమ్మ దాన్ని పక్కకు జరపలేదు, అలాగని చెయ్యీ పెట్టలేదు. చేప కొంచెం తింది. రొట్టెకాయ కొంచెం తింది. బాగుందని తల ఊపింది. మెలె విసనకర్ర ఆపింది.

"బాలేదా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. ఆమె రాజేందర్ వైపు చూపించి, ఆ ఆకు మూట వైపు చూపించి నెమ్మదిగా చెప్పింది. జ్వరంలో ఇతని కడుపులో ఏదీ నిలవలేదట. నీళ్లు కూడా కక్కేవాడట. ఈ ఆకునే మెత్తగా నలిపి కొబ్బరిపాలలో కలిపి వేలితో నాలుక మీద పెడితే అది మాత్రం నిలిచిందట. కళ్లు తెరిచేదాకా అదే పెట్టిందట. "అందుకే అతని తల్లికి ఇది చేశాను" అంది.

నేను రాజేందర్ వైపు చూశాను. "పచ్చగ ఏదో పెట్టేది. ఆకని ఎరుక గని ఏం ఆకో నాకేం ఎరుక" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమంటున్నది?" అంది అత్తమ్మ.

చెబితే ఏమవుతుందో నాకు తెలియలేదు. చెప్పకుండా ఉండడం నా వల్ల కాలేదు. చెప్పాను. కొడుకు ప్రాణం కోసం వదిలిన ఆకే కొడుకు ప్రాణం నిలబెట్టిందని ఒక్కో మాటా చెప్పాను.

అత్తమ్మ అరటాకు ముందు నుంచి లేచి, మెలెకు ఆగమని చెయ్యి చూపించి, అరుగు దిగి సముద్రం వైపు నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

ఆదివారం సముద్రంలో దిగకూడదని ఆ ఊరి కట్టుబాటు. అది మాకు తెలియదు. అత్తమ్మ చీరతోనే మోకాళ్ల లోతుకు పోయింది. శనివారం మమ్మల్ని ఆపిన తెల్లమీసాల పెద్దాయన కర్ర ఊపుకుంటూ, కేకలు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. అప్పటికే ఆమె దోసిట్లోకి నీళ్లు తీసుకుని కళ్లు మూసుకుంది. ఆయన చూశాడు. కేకలు ఆపాడు. కర్ర ఇసుకలో గుచ్చి, తల వంచుకుని అలాగే నిలబడిపోయాడు.

"గంగమ్మా" అంది అత్తమ్మ, పక్కింటామెతో మాట్లాడినట్టు. "ఆడ నిన్ను ఏమార్చిన. ఒద్దన్నదాన్ని ఇడిచిన, ఇష్టమున్నదాన్ని దాసుకున్న. నువ్వేమనలె. గింత దూరం తోల్కొచ్చి, నా కొడుకును బతికిచ్చిన ఆకును నా ముంగటనే పెట్టినవ్. నీ చామాకు నాకియ్యి. మామిడిపండు తీస్కో."

"అత్తమ్మా" అన్నాను. నాకు తెలియకుండానే ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "వేరేదేదన్న ఇడువుండ్రి. అరటిపండు ఇడువుండ్రి. జామపండు..."

"మల్ల ఏమార్చుమంటవా?" అని నా వైపు చూసింది. కళ్లల్లో నీళ్లున్నాయి. ఏడుపు మాత్రం కాదు. దోసిట్లో నీళ్లు వదిలేసింది.

తడిసిన చీరతో తిరిగి వచ్చి ఆకు ముందు కూర్చుంది. మూటను ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. మేమందరం ఆమె గొంతు వైపే చూస్తున్నాం. మింగింది. కాసేపు ఆగింది, గొంతు తడుముకుంది.

"గీరుకుంటలేదు" అంది ఆశ్చర్యంగా. ఇంకో ముద్ద పెట్టుకుని నా వైపు తిరిగింది. "అనితా, మస్తుగున్నది గదనే. ఇరవై ఏండ్లసంది ఉత్తగ బెదిరిన."

ఆ మూట అయిపోయింది. ఇంకొకటి అయిపోయింది. మెలె విసనకర్ర కింద పడేసి నవ్వడం మొదలుపెట్టింది. తావిటా నవ్వాడు, ఆ ఇల్లంతా నవ్వింది. వాళ్లకు గంగ సంగతి, మామిడిపండు సంగతి ఏమీ తెలియదు. తిన్నది, అదే వాళ్లకు చాలు. భోజనాలయ్యాక అత్తమ్మ మెలె నుదుట కుంకుమబొట్టు పెట్టి, ఉప్పల్లో మూడు దుకాణాలు తిరిగి ఎంచిన ఆకుపచ్చ చీర ఒళ్లో పెట్టింది. నేను కట్టబెట్టాను. ఆమె నడుముకు కుచ్చిళ్లు నాలుగే వచ్చాయి. ఆ చీరతోనే మెలె సాయంత్రం ప్రార్థనలో కూర్చుంది. మాకు తన విసనకర్ర ఇచ్చింది.

నిచ్చెన దిగి సముద్రంలోకి

మిగిలిన రోజులు మేం మనుషుల్లా ప్రవర్తించలేదు. తీరం వెంట తూర్పుకు నడిచాం, ఎక్కినంత దూరం బస్సులెక్కాం, ఎవరి ఒళ్లో పడితే వాళ్ల ఒళ్లో కూర్చున్నాం. తోసూవా అనే చోట భూమిలో పెద్ద బావి ఉంది. అడుగున నీళ్లు సముద్రం నుంచి సొరంగంలో వస్తాయి. దిగడానికి నిటారుగా ఒక చెక్క నిచ్చెన. నేను పైనే ఉంటానన్నాను. అత్తమ్మ చీర కాసె పోసి కట్టి, "పాపాపాపాయితాయి" అనుకుంటూ మెట్టు మెట్టుకూ ఆగి దిగిపోయింది. కింద తాడు పట్టుకుని తేలుతూ నన్ను పిరికిదానా అని పిలిచింది. ఇక దిగక తప్పలేదు.

లలోమాను తీరంలో తెల్లటి ఇసుక మీద గోడల్లేని చిన్న పాకలో ఉన్నాం. కొన్నేళ్ల కింద పెద్ద అల వచ్చి ఆ తీరంలో చాలా మందిని తీసుకుపోయిందట. మాకు పాక ఇచ్చినావిడ అది చెప్పి, వెంటనే తలో తింటారా అని అడిగింది. "ఆకు గూడ తెమ్మను" అంది అత్తమ్మ.

మళ్లీ ఉప్పల్

మే ఆఖరులో తిరిగొచ్చాం. చెప్పినట్టే ధర పడిపోయి పండ్లు అగ్గువయ్యాయి. తవ్విపోసిన రోడ్డు పక్కన, బండ్ల మీద బేనిషాన్ గుట్టలు. నేను తల తిప్పుకుని పోదామనుకున్నాను. అత్తమ్మ బండి దగ్గర ఆగింది. ఒక్కో పండూ తీసి వాసన చూసి, ముచ్చిక దగ్గర నొక్కి, మచ్చ ఉన్నవి పక్కన పెట్టి, బండివాడితో ఎప్పటిలాగే గొడవపడి సంచి నింపింది.

"ఎవలకు అత్తమ్మా ఇన్ని?" అన్నాను.

"నేను ఇడిచిన. మీరిడిచిన్రా?"

ఇంటికి వచ్చి బకెట్లో నీళ్లు పోసి పండ్లు నానబెట్టింది. వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. మామయ్యకు ముక్కలు కోసి గిన్నెలో పెట్టింది. కాంట్రాక్టు ముగించుకుని రాజేందర్ వచ్చే నెల వస్తాడని, వాడికి తాండ్ర చేయాలని కొన్ని పక్కన తీసింది. ఆమె చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. ఒక్కసారి కూడా వేలు నోటి దగ్గరికి పోలేదు. మామయ్య గిన్నె ఒళ్లో పెట్టుకుని ముక్క తీయకుండా ఆమెనే చూస్తున్నాడు.

ఆఖరి ముక్క కోశాక చేతిలో టెంక మిగిలింది. నిండుగా కండ పట్టి, రసం కారుతున్న టెంక. అత్తమ్మ దాన్ని ఒకసారి తిప్పి చూసింది. తర్వాత నా చెయ్యి లాగి అరచేతిలో పెట్టింది. ఆ ఇంట్లోకి కోడలిగా వచ్చాక నా చేతికి టెంక రావడం అదే మొదలు.

"తెల్లగయ్యేదాకా చీకాలె. నడుమల పారేస్తె ఊకోను" అంది.

నేను చీకాను. రసం మోచేతి దాకా కారింది. అత్తమ్మ మెలె ఇచ్చిన విసనకర్ర తీసుకుని నా ఎదురుగా కూర్చుని, నేను తినడం అయ్యేదాకా ఈగలు తోలింది.